దేవానాంప్రియ శబ్దము

ప్రభుత్వ పత్రములపై నిత్యము కానవచ్చు సింహముద్ర సారనాథమునందలి అశోకస్తంభమునుండి గ్రహింపబడినదని ఎల్లరెఱిగినదే. 1950 జనవరి 26న అది భారత రాజ్యచిహ్నమైనది. కాని ఆ చక్రవర్తి తన శాసనములలో తన్ను అశోకుడని చెప్పుకొన్న తావులు బహుస్వల్పములు. ఆయన తఱచుగా వాడినది ‘దేవానాంప్రియ’ అను మాట, ప్రాకృతమున ‘దేవానంపియ’. దేవతలకు ఇష్టుడని దాని అర్థము. ఒకనాడు రాజగౌరవమును తెలిపిన ఈ మాటయే తరువాతి సంస్కృతమున మూర్ఖునకు పర్యాయపదమైనది.

మొదట ఇది ఒక్కని సొంతపేరు కాదు. ఎనిమిదవ శిలాశాసనములో పూర్వరాజుల విహారయాత్రల ప్రసక్తి కలదు. గిర్నారు ప్రతిలో ఆ పూర్వులను ‘రాజులు’ అని పేర్కొనగా, డెహ్రాడూన్ జిల్లా కాల్సీ ప్రతిలో ఆ స్థానముననే ‘దేవానాంప్రియులు’ అని చెక్కబడినది. అనగా ఆనాటి వాడుకలో ఈ మాట రాజునకు పర్యాయపదముగా చెల్లుచుండెను. అశోకుని మనుమడు దశరథుడు బీహారులోని నాగార్జుని గుహల శాసనములలో ఈ బిరుదమునే ధరించెను. సింహళమున అశోకుని సమకాలికుడైన తిస్సరాజు ‘దేవానంపియ తిస్స’ అనియే ప్రసిద్ధుడు.

ఇట్లు పలువురకు చెల్లిన మాట కావుననే తరువాత చిక్కు వచ్చినది. పదునాలుగవ శతాబ్దమున ఫిరోజ్‌షా తుగ్లకు రెండు అశోకస్తంభములను ఢిల్లీకి తెప్పించెను. వానిపై వ్రాతను ఆనాటి పండితులెవ్వరును చదువలేకపోయిరి. 1837లో జేమ్సు ప్రిన్సెపు ఆ లిపిని ఛేదించెను. కాని ‘దేవానంపియ పియదసి’ ఎవరో తెలియక మొదట సింహళరాజగు తిస్స యని తలచెను. సింహళమున ఉద్యోగియై పాలిగ్రంథములను పరిశోధించుచున్న జార్జి టర్నరు దీపవంశమును చూచి, ప్రియదర్శి యనగా అశోకుడే యని తెలిపెను. శాసనసాక్ష్యము మాత్రము 1915లో గాని దొరకలేదు. నాటి హైదరాబాదు సంస్థానమున, నేటి కర్ణాటకములోని రాయచూరు జిల్లా మస్కిలో, బంగారు గనులను వెదకుచున్న బీడన్ అను ఇంజనీరు ఒక శాసనమును కనుగొనెను. అందు దేవానాంప్రియ శబ్దము ప్రక్కనే అశోకుని పేరు స్పష్టముగా కలదు. దానిని పరిష్కరించి ప్రకటించినవారు హెచ్. కృష్ణశాస్త్రిగారు. తరువాత మధ్యప్రదేశమున గుజర్రా శాసనమునను ఆ పేరు కనుపించినది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై మాత్రము బిరుదమే కాని పేరు లేదు.

ఇక వ్యాకరణముల మాట. సమాసమున షష్ఠీవిభక్తి లోపించుట సామాన్యవిధి. ఆ విధిననుసరించి ‘దేవప్రియ’ కావలెను. నింద తోచినపుడు ఆ విభక్తి లోపింపదని పాణిని సూత్రము. ఆ సూత్రముక్రిందనే కాత్యాయనుడు దేవానాంప్రియ శబ్దమును చేర్చెను. కాని మూర్ఖుడను అర్థమును ఆయన చెప్పలేదు. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున పతంజలి దీనిని ‘ఆయుష్మాన్’, ‘దీర్ఘాయుః’ వంటి మర్యాదామాటలతో కలిపి చెప్పెను. శంకరుల బ్రహ్మసూత్రభాష్యమునకు వచ్చుసరికి ప్రతివాదిని పరిహాసముగా సంబోధించుటకు ఈ పదము వాడబడినది. పదునేడవ శతాబ్దమున భట్టోజిదీక్షితుల సిద్ధాంతకౌముదిలో మూర్ఖార్థమే నియతమైనది. జ్ఞానహీనులు దేవతలకు పశుప్రాయులు గనుక ప్రియులని వ్యాఖ్యాతలు సమర్థనమును కల్పించిరి.

బౌద్ధుడైన రాజుపై ద్వేషముచేతనే వైదికులు ఈ మాటను దిగజార్చిరని చెప్పువారు కలరు. కాలక్రమమును గమనించినచో ఈ వాదము నిలువదు. అశోకుని తరువాత నూఱేండ్లకు, మౌర్యవంశము నశించిన పిమ్మట వ్రాసిన పతంజలికి ఇది గౌరవపదమే. అర్థము మాఱుటకు పెక్కు శతాబ్దములు పట్టినది. నిందాసూత్రముతోడి సాహచర్యమును, వాదములలోని ఎత్తిపొడుపును ఇందుకు చాలిన కారణములుగా కన్పట్టుచున్నవి.

ఇట్టి మార్పు తెలుగువారికి క్రొత్త కాదు. ‘ఎంత ఘనుడవయ్యా’ అన్నచో పొగడ్తయో తెగడ్తయో పలుకు తీరే చెప్పవలెను. ‘మహానుభావుడు’ అను మాటకు వీధిలో ఒక అర్థము, సభలో ఒక అర్థము. ‘పండితపుత్రుడు’ అనిపించుకొనుటకు ఏ పండితుని కుమారుడును ఇష్టపడడు. ప్రాచీనకవులకు పరిమళమైన ‘కంపు’ నేడు దుర్గంధమైనది.

కావున నిఘంటువులోని అర్థమును పట్టుకొని పూర్వులను తూచుట తగదు. ఏ అర్థము ఏ కాలమునాటిదో విచారింపవలెను. కౌముదిని మాత్రమే చదివినవాడు స్తంభముపై ఆ మాటను చూచినచో, రాజు తన్ను తానే మూర్ఖుడని చాటుకొనెనని భ్రమింపవచ్చును. పండితుల నోట మాట మాఱినను శిలపై అక్షరము మాఱలేదు. ఆ శిలలే అశోకుని పేరును, ఆయన బిరుదము యొక్క తొలి గౌరవమును మనకు తిరిగి అప్పగించినవి.