అక్షరం రాని తండ్రి, వంద పుస్తకాల కొడుకు

ఈ వారం ఒక నల్లజాతి పిల్లల రచయిత గురించి చెప్పుకుందాం. వాల్టర్ డీన్ మైయర్స్. మన ఇళ్లలో మొదటితరంగా బడి మెట్లెక్కిన ప్రతి విద్యార్థీ తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

1937లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టాడు. పసితనంలోనే తల్లి చనిపోయింది. ఫ్లోరెన్స్, హెర్బర్ట్ డీన్ దంపతులు తెచ్చుకొని న్యూయార్క్‌లోని హార్లెంలో పెంచారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వాల్టర్ మిల్టన్ మైయర్స్. రచయిత అయ్యాక మిల్టన్ తీసేసి, పెంచినవాళ్ల ఇంటిపేరు డీన్ పెట్టుకున్నాడు. పేరంటే రుణం కూడా!

మాట స్పష్టంగా పలికేది కాదు. పిల్లలు వెక్కిరిస్తే కొట్లాడేవాడు. పుస్తకాలంటే మాత్రం ప్రాణం. అయితే ఎంత చదివినా తనలాంటి మనుషులు వాటిలో కనిపించలేదు. హైస్కూలు మధ్యలో మానేసి, 17 ఏళ్లకు సైన్యంలో చేరాడు. తర్వాత జేమ్స్ బాల్డ్విన్ రాసిన 'సన్నీస్ బ్లూస్' చదివాడు. తన హార్లెం మనుషులు కథలో ఉన్నారు! మా గురించి కూడా రాయొచ్చన్న అనుమతి ఆ కథతోనే దొరికిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆలోచించండి, తన బతుకు తాను రాసుకోవడానికి ఒక మనిషికి అనుమతి ఎందుకు కావాల్సొచ్చింది?

1968లో నల్లజాతి రచయితల కోసం పెట్టిన పోటీలో గెలిచాడు. మరుసటేడు మొదటి పుస్తకం వచ్చింది. అదే 1968లో తమ్ముడు వియత్నాం యుద్ధంలో చనిపోయాడు. ఆ దుఃఖం 20 ఏళ్లకు 'ఫాలెన్ ఏంజెల్స్' నవలైంది. 1999లో వచ్చిన 'మాన్‌స్టర్'లో హత్య కేసులో బోనెక్కిన 16 ఏళ్ల నల్లపిల్లాడే తన కథ తాను చెప్తాడు. ప్రింట్జ్ అవార్డు మొట్టమొదట అందుకున్న పుస్తకం అదే. మొత్తం రాసినవి వందకు పైనే.

2014 మార్చిలో న్యూయార్క్ టైమ్స్‌లో ఆయన ఒక లెక్క ముందుపెట్టాడు. 2013లో అమెరికాలో వచ్చిన సుమారు 3,200 పిల్లల పుస్తకాల్లో నల్లవాళ్ల గురించినవి 93. నష్టం నల్లపిల్లలకే కాదన్నాడు. రేపు ఉద్యోగాలిచ్చే కుర్చీలో కూర్చోబోయే తెల్లపిల్లాడు నల్లవాళ్లను ఏ పుస్తకంలో మనుషులుగా చూశాడని అడిగాడు. ఇంటర్వ్యూ గదుల్లో మన ఇంటిపేరు అడిగేవాళ్లను చూసిన నాకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించలేదు. ఆ జులై 1న ఆయన కన్నుమూశాడు.

హెర్బర్ట్ డీన్ కొడుకు పుస్తకాల గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. మైయర్స్‌ను అది చాలా బాధపెట్టింది. ఆ తండ్రికి చదవడం రాదని ఆయన పోయాకే తెలిసింది. వేలిముద్ర వేసే తండ్రులున్న మనకు ఈ మౌనం వేరే విప్పి చెప్పక్కర్లేదు.

మన దగ్గర 2008లో హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 'డిఫరెంట్ టేల్స్' పేరుతో అణగారిన కులాల పిల్లల బతుకులున్న కథలు తెచ్చింది. గోగు శ్యామల వాటిలో రాశారు. అవి మీ బడి లైబ్రరీలో ఉన్నాయా?

మీ హాస్టల్ అల్మారా తెరిచి ఈ వారమే లెక్కపెట్టండి. పిల్లల పుస్తకాలు ఎన్ని? వాటిలో మన వాడ పిల్లలు ఎందులో ఉన్నారు? ఆ అంకె రాసి పంపండి. మైయర్స్ చేసినట్టే, ముందు లెక్క తీద్దాం.