హసన్ ఖాన్ – పర్తాల్ వివాహం

బహమనీ సుల్తాను ఫిరోజ్ షా (పాలన 1397–1422) కుమారుడు, వారసుడు అయిన హసన్ ఖాన్‌కూ, ముద్గల్‌కు చెందిన కంసాలి కూతురు పర్తాల్‌కూ 1407 ప్రాంతంలో జరిగిన వివాహం. కంసాలి కూతురి యుద్ధంగా చరిత్రలో పేరుపడిన విజయనగర–బహమనీ పోరు సంధితో ముగిశాక ఈ పెళ్లి జరిగింది. ఆ పోరుకు రంగస్థలం తుంగభద్రకు ఇరువైపులా ఉన్న నేల: ఉత్తరాన కృష్ణా–తుంగభద్రల నడిమి రాయచూరు సీమ, దక్షిణాన విజయనగరం, దాని వెనుక సండూరు కొండలు.

ఈ వివాహం గురించి మనకు తెలిసినదానిలో చాలాభాగం ఫెరిష్తా చెప్పిందే. బిజాపూరులో ఇబ్రహీం ఆదిల్‌షా ఆశ్రయంలో ఉండి, 17వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఆయన పారశీకంలో తన చరిత్రను రాశాడు. అంటే సంఘటనకూ రాతకూ మధ్య రెండు వందల ఏళ్ల ఎడం ఉంది. పైగా ఆయన బహమనీల వైపు నుంచి చూసి రాసినవాడు. శత్రువుల మృతుల సంఖ్యలూ, కట్నకానుకల లెక్కలూ చదివేటప్పుడు ఈ రెండు సంగతులూ మనసులో ఉంచుకోవాలి. రాబర్ట్ సూయల్ 1900లో వెలువరించిన విజయనగర చరిత్ర ద్వారా ఈ కథ దక్షిణాది పాఠకులకు బాగా చేరింది. ఫెరిష్తా చరిత్రకు వచ్చిన పాత ఇంగ్లీషు అనువాదాల్లో ఒకదానిలో కంసాలి కూతురి పేరు పర్తాల్ అనీ, మరొకదానిలో నేహల్ అనీ ఉంది.

కారణం

కాశీయాత్ర నుంచి విజయనగరానికి తిరిగివస్తున్న ఒక బ్రాహ్మణుడు ముద్గల్‌లో కంసాలి ఇంట బస చేశాడు. ఆ ఇంటి పిల్ల అందమూ తెలివీ చూసి, కొంతకాలం అక్కడే ఉండి ఆమెకు సంగీతం నేర్పాడు. తర్వాత రాజధానికి వెళ్లి రాయల ముందు ఆమెను పొగిడాడు. రాయలు ఆ బ్రాహ్మణుడి చేతికే కానుకలిచ్చి ముద్గల్‌కు పంపాడు. పిల్లను రాణిని చేస్తానన్న మాటకు తల్లిదండ్రులు పొంగిపోయారు. సంబంధం ఖాయమైందనడానికి గుర్తుగా ఆమె మెడలో హారం వేయబోతే పర్తాల్ వద్దంది. రాయల అంతఃపురంలో అడుగుపెట్టిన స్త్రీకి కన్నవాళ్లను కూడా మళ్లీ చూసే వీలుండదనీ, ఆ నగలకు తన తల్లిదండ్రుల ప్రేమను అమ్ముకోననీ చెప్పింది. ముస్లిం రాజకుమారుడికి భార్యను అవుతానని తనకెప్పటినుంచో అనిపిస్తోందని కూడా ఆమె చెప్పినట్టు ఫెరిష్తా రాశాడు. ఇది జరిగిన కథను ముందే ఎరిగి కలిపిన మాటలా కనిపిస్తుంది. మొదటి కారణం మాత్రం సహజమైనది. చక్రవర్తి పంపిన హారాన్ని కాదన్న ఆ ధైర్యం ఈ మొత్తం వృత్తాంతంలో అన్నిటికన్నా మెచ్చదగిన ఘట్టం.

తిరస్కారం విన్న రాయలు అయిదు వేల ఆశ్వికులను ముద్గల్ మీదికి పంపాడు. ఆ ఊరు అప్పుడు బహమనీల ఏలుబడిలో ఉంది. సైన్యం వస్తోందని తెలిసి ఊరి జనం పారిపోయారు, వారితోపాటు పర్తాల్ కుటుంబమూ వెళ్లిపోయింది. వచ్చినవాళ్లు పిల్ల దొరక్క చుట్టుపక్కల పల్లెలను దోచుకుని మళ్లారు. ఆ సీమ అధికారి ఫౌలాద్ ఖాన్ వారిని వెంటాడి, రెండు వేల మందిని చంపాడని ఫెరిష్తా లెక్క.

యుద్ధం, సంధి

1406 చలికాలంలో ఫిరోజ్ షా స్వయంగా దండెత్తి విజయనగరం దాకా వచ్చాడు. అప్పుడు గద్దె మీద ఉన్నది మొదటి దేవరాయలని చరిత్రకారులు ఎక్కువమంది అంగీకరిస్తారు. నగరం బయట జరిగిన పోరులో సుల్తాను చేతికి బాణం తగిలింది. ఆయన గుర్రం దిగకుండానే గాయానికి గుడ్డ కట్టుకున్నాడట. కోట లొంగకపోవడంతో తమ్ముడు అహ్మద్ ఖాన్‌ను నగరానికి దక్షిణాన ఉన్న సీమను పాడుచేయమని పంపాడు. సండూరు కొండల చుట్టూ ఉన్న పల్లెలు ఆ దిక్కునే ఉన్నాయి. సుల్తాను పంపిన మీర్ ఫజలుల్లా అంజూ పశ్చిమాన బంకాపురం కోటను పట్టాడు. అహ్మద్ ఖాన్ అరవై వేల మందిని చెరపట్టి తెచ్చాడని ఫెరిష్తా రాశాడు. అంకె పెద్దదైనా, రాజుల పట్టుదలకు రైతులు చెల్లించిన మూల్యాన్ని అది చెబుతోంది.

దేవరాయలు సంధికి దిగాడు. షరతుల ప్రకారం తన కూతురిని ఫిరోజ్ షాకు ఇచ్చాడు. పది లక్షల వరహాలు, అయిదు మణుగుల ముత్యాలు, 50 ఏనుగులు, ఆటపాటలు తెలిసిన 2,000 మంది బానిసలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. బంకాపురం కోట కట్నం కిందికి వచ్చింది. వేడుకలు 40 రోజులు సాగాయి. సుల్తాను విడిదికీ నగరానికీ మధ్య దారి పొడవునా అంగళ్లు వెలిశాయి, గారడీవాళ్లూ ఆటగాళ్లూ దిగారు. ఫిరోజ్ షా నగరంలోకి వచ్చిన రోజున దారి మీద పట్టుబట్టలు పరిచి, ఆయన మీద వెండి బంగారు పూలు చల్లారు. మామా అల్లుళ్లు మూడు రోజులు కలిసి గడిపారు. తిరుగు ప్రయాణంలో రాయలు విడిది దాకా రాకుండా సగం దారిలోనే వెనుదిరిగాడని సుల్తానుకు కోపం వచ్చింది. పెళ్లితో కుదిరిన స్నేహానికి ఆ సాగనంపులోనే బీటపడింది.

వారసుడి పెళ్లి

ఫిరోజ్ షా రాజధాని గుల్బర్గాకు చేరాక పర్తాల్‌నూ ఆమె తల్లిదండ్రులనూ పిలిపించాడు. ఆమెను చూసి, తన వయసు మించిపోయిందని తలచి, కొడుకు హసన్ ఖాన్‌కు ఇచ్చి వైభవంగా పెళ్లి చేశాడు. కంసాలి దంపతులకు ధనమూ భూమీ దక్కాయి. ఈ నిర్ణయంలో ఫిరోజ్ షా చూపిన వివేకాన్ని గుర్తించాలి. గద్దెకు వారసుడైన కొడుకుకు చేతివృత్తివారి పిల్లను చేసుకోవడానికి ఆయన వెనకాడలేదు.

ఇంగ్లాండు చరిత్రలో దీనికి కొంత దగ్గరగా వచ్చేది 1361లో మూడవ ఎడ్వర్డు పెద్దకొడుకు, బ్లాక్ ప్రిన్స్ అని పిలిచే ఎడ్వర్డు, వితంతువూ బంధువూ అయిన కెంట్ జోన్‌ను చేసుకున్న వివాహం. అక్కడా రాజ్యాల మధ్య పొత్తు కోసం పెళ్లి జరగలేదు. హసన్ ఖాన్ లాగే అక్కడా పెళ్లికొడుకు రాజు కాలేదు. అతను 1376లో, తండ్రి బతికుండగానే చనిపోయాడు.

తర్వాత

1415 ప్రాంతంలో ఫిరోజ్ షా హసన్ ఖాన్‌ను యువరాజుగా ప్రకటించి, గుల్బర్గాలోని సూఫీ గురువు బందానవాజ్ గేసూదరాజ్ ఆశీస్సులు కోరాడు. కిరీటం అహ్మద్ ఖాన్‌కు రాసిపెట్టి ఉందని గురువు చెప్పడంతో ఇద్దరికీ చెడింది. తర్వాత నేటి తెలంగాణలోని పానగల్ కోటను సుల్తాను చాలాకాలం ముట్టడించాడు. చివరికి దేవరాయల సేన అతన్ని చిత్తుగా ఓడించింది. 1422లో సైనికులు అహ్మద్ ఖాన్ పక్షం చేరగా ఫిరోజ్ షా గద్దె తమ్ముడికి వదిలి, కొద్దిరోజులకే కన్నుమూశాడు. అహ్మద్ షా అన్నకొడుకును చంపించకుండా, భీమానది ఒడ్డున ఫిరోజ్ షా కట్టించిన ఫిరోజాబాదులో ఉండనిచ్చాడు. ఆ తర్వాతి మూడు శతాబ్దాల్లో బహమనీలు, విజయనగరం, ఆదిల్‌షాహీలు ఒకరి తర్వాత ఒకరు పోయారు.

ఈ యుద్ధంతో ముడిపడిన రెండు వివాహాలనూ తరచుగా కలగలిపి చెబుతుంటారు. రాయల కూతురిని చేసుకున్నది సుల్తాను ఫిరోజ్ షా, పర్తాల్‌ను చేసుకున్నది హసన్ ఖాన్. ముద్గల్ కోట నేటి కర్ణాటక రాయచూరు జిల్లాలో ఉంది. ఫిరోజ్ షా సమాధి కలబురగిలోని హఫ్త్ గుంబజ్ సమాధుల్లో ఒకటి.