ఓడ కట్టేసిన నెలలు

మా నోవైలో బడులు మూసేసి జూన్ నెల వచ్చిందంటే చాలు, నా చేతికి తాళాల గుత్తి వస్తుంది. పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్ళే కుటుంబాలు ఒక్కొక్కటే వచ్చి తాళంచెవి ఇచ్చి పోతాయి. "ఆంటీ, కరివేపాకు చెట్టుకి రెండు రోజులకోసారి నీళ్ళు పొయ్యండి. ఉత్తరాలు తీసి బల్ల మీద పెట్టండి. బేస్‌మెంట్‌లో పంపు పనిచేస్తోందో లేదో ఒక్కసారి చూడండి." ఇదీ వరస. పోయిన వేసవిలో అయిదిళ్ళు చూశాను. "రిటైరయ్యాక వాచ్‌మన్ ఉద్యోగంలో చేరావు" అని మా వారి వేళాకోళం.

ఆ గుత్తి చూసే మా వీధి చివర ఉండే అమెరికన్ పెద్దాయన ఒకసారి నవ్వి, "నువ్వు షిప్‌కీపర్‌వి" అన్నాడు. నాకర్థం కాలేదు. ఆయన ముప్ఫయ్యేళ్ళు ఈ సరస్సుల మీద ఇనుప రాయి మోసే ఓడల్లో పనిచేశాడట. ఇన్నేళ్ళు ఇక్కడుండి కూడా, ఓడ మనుషులు మన పక్కనే ఉన్నారన్న సంగతి నాకు తట్టలేదు.

డెట్రాయిట్ నది మీద పొడుగాటి ఓడలు పోతుంటే మనమంతా ఫొటోలు తీసుకున్నవాళ్ళమే. అవి మిన్నెసోటా నుంచి ఇనుప ఖనిజం తెస్తాయి. మనలో చాలామందిని ఈ ఊరికి రప్పించిన కార్ల కంపెనీలు ఆ ఇనుము మీదే నిలబడ్డాయి. సుపీరియర్ సరస్సు నీళ్ళు హ్యూరాన్ సరస్సు కన్నా 21 అడుగులు ఎత్తున ఉంటాయి కనుక, ఓడలు సూ సేంట్ మరీ దగ్గర లాకుల్లోంచి దిగి రావాలి. గోదావరి జిల్లాల వాళ్ళకి లాకులంటే వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది; ఇక్కడ మొదటి లాకు 1855లో తెరిచారు. ఈ లాకుల్ని ఏటా జనవరి 15న మూసి మార్చి 25న, అంటే ఇంచుమించు మన ఉగాది రోజుల్లో, తెరుస్తారు. ఆ పది వారాలూ మంచు. ఓడల్ని రేవుల్లో కట్టేసి నావికులు ఇళ్ళకి పోతారు. ఓడని మాత్రం ఒంటరిగా వదలరు. ఒక మనిషి అందులోనే ఉండి పంపులు చూస్తూ, నీరు కారుతోందేమో చూస్తూ చలికాలం గడుపుతాడు. అతనే షిప్‌కీపర్.

మరి ఇంటికి పోయినవాడి సంగతి? ఆయన చెప్పింది ఇది: "మొదటి వారం చెంచాలు ఏ సొరుగులో ఉన్నాయో తెలిసేది కాదు. మా ఆవిడ మార్చి నుంచి జనవరి దాకా ఇల్లంతా ఒక్కతే నడిపేది. నేనొచ్చి అడ్డం పడేవాణ్ణి. అందుకే మా అమ్మని చూడ్డానికీ, వాళ్ళక్కని చూడ్డానికీ ఊళ్ళు తిరిగేవాళ్ళం. చుట్టాలిళ్ళకి పోతే ఇద్దరం చుట్టాలమే కదా."

ఈ మాట వినగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది తాళ్ళరేవు. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో, కోరంగి పక్కనే ఉంటుంది. అమ్మమ్మ వాళ్ళ నాన్న తెరచాప ఓడ మీద తండేలు. రంగం, అంటే రంగూన్, వెళ్ళి వచ్చేవాడు.

ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులూ, పక్షులూ. 1978లో అభయారణ్యం చేశారు. రెండు వందల ఏళ్ళ కిందట అది తూర్పు తీరంలో ఓడలు కట్టడానికీ, పాడైనవి బాగుచెయ్యడానికీ పేరుపడ్డ రేవు. బర్మా వాళ్ళు తెలుగువాళ్ళందర్నీ "కోరంగీలు" అనే పిలిచేవారు. మనవాడు శ్రీకాకుళం నుంచి వచ్చినా, విశాఖపట్నం నుంచి వచ్చినా, అక్కడ కోరంగీయే! మన దేశం పేరుతోనో భాష పేరుతోనో కాకుండా ఓడ ఎక్కిన రేవు పేరుతో పిలిపించుకున్నాం. పోనుపోను అది తిట్టుగా కూడా మారిందనుకోండి.

ఆ ఓడలకీ ఆగే కాలం ఒకటి ఉండేది. ఇక్కడ మంచు ఆపితే అక్కడ తుఫానులు ఆపేవి. నైరుతి గాలితో తూర్పుకి పోవడం, ఈశాన్యం గాలితో తిరిగి రావడం. దసరా దాటాక మన తీరంలో సముద్రాన్ని నమ్మేవాడు లేడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు యుద్ధనౌకలు కూడా అక్టోబరు నడిమికల్లా మద్రాసు తీరం వదిలిపోయేవి. ఎందుకో కోరంగికి బాగా తెలుసు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరసగా వచ్చి దాదాపు 20,000 మందిని తీసుకుపోయాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి గాలివానల లెక్కలే తవ్వి తీసి "సైక్లోన్" అనే మాట పుట్టించాడు. అది 1848లో ఆయన పుస్తకంలో అచ్చయింది. అప్పటికే కోరంగి మీద రెండో దెబ్బ పడింది, 1839 నవంబరు 25న. మూడు లక్షల మంది పోయారని అంతటా రాస్తుంటారు కానీ, ఆ లంకల్లో అంతమంది ఉండేవారంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఊరు పోయిన మాట మాత్రం నిజం. మిగిలిన రేవుని గోదావరి ఒండ్రు పూడ్చేసింది. వ్యాపారం కాకినాడకి పోయింది.

ఇక్కడి సరస్సులకీ నవంబరే గండం. 1913 నవంబరు తుఫానులో 12 ఓడలు మునిగి 250 మందికి పైగా పోయారు. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జరాల్డ్ అనే ఓడ డెట్రాయిట్‌కి ఖనిజం తెస్తూ 29 మందితో సుపీరియర్‌లో మునిగింది. మర్నాడు డెట్రాయిట్ నావికుల చర్చిలో 29 సార్లు గంట కొట్టారు. ఆ పేరు ఎత్తితే మా పెద్దాయన ఇప్పటికీ కాసేపు మాట్లాడడు.

కోరంగి పోయినా తాళ్ళరేవు తెరచాపలు ఇంకొన్నాళ్ళు నడిచాయి. దీపావళికి తండేలు ఇంటికొచ్చేవాడు. కార్తీకంలో ద్రాక్షారామం, ఆ తరవాత యానాం, నీలపల్లి, ఇంజరం, ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి. ఆయన కోసం ఆపిన పెళ్ళిళ్ళన్నీ ఆ తరవాతే. ఓడ పాయలో కట్టేసి ఉండేది, కాపలాకి ఒక ముసలి కళాసీ. ఇంటికి కాపలా మేనత్త. దీపం ఆవిడే పెట్టేది, గేదెని ఆవిడే చూసేది. అమ్మమ్మ అనేది: "నాన్న ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అమ్మ ఇంకొకరింట్లో ఉన్నట్టుండేది. ఆయన బియ్యం డబ్బా చోటు మార్చేవాడు. ఓడ కదిలిన రోజే అమ్మ మళ్ళీ పాత చోట పెట్టేసేది."

ఈలోగా పొగ ఓడలు వచ్చాయి. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో జనాన్ని ఎక్కించుకుని రంగూన్‌లో దింపేవి. కోతలకీ, బియ్యం మిల్లులకీ, రేవు పనికీ పోయి, సొమ్ము చేసుకుని రావడం. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాదే, 1930 మేలో, రేవులో తెలుగు కూలీల సమ్మె తరవాత అల్లర్లు చెలరేగి ఎందరో మనవాళ్ళు చచ్చిపోయారు. అయినా పోవడం ఆగలేదు.

మా అమ్మమ్మ తమ్ముడు వాళ్ళ నాన్నలా ఓడ నడపలేదు, స్టీమరెక్కి పోయి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఆయన ఇంటికి తాళం వేసి, పక్కింటి బర్మా వాళ్ళ చేతిలో తాళంచెవి పెట్టి, "నెల్లో వస్తాను, చెట్లకి నీళ్ళు పొయ్యండి" అని చెప్పి బయల్దేరాడట. మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయింది. లక్షల మంది అడవుల్లో, కొండల్లో నడిచారు. ఆయన అరకాను దారిన నడిచి ప్రాణాలతో వచ్చాడు. తిరిగి వెళ్ళలేదు. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక మిగతావాళ్ళూ వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా పుట్టిందే. వాళ్ళలో ఎవరైనా ఆ వీధివాళ్ళున్నారేమోనని ఆయన వెళ్ళి వాకబు చేసి వచ్చాడని మా అమ్మ చెప్పేది. దేశం సంగతి అడగలేదట. జామచెట్టు ఉందా అని అడిగాడట.

నోవైలో ఇతరుల చెట్లకి నీళ్ళు పోస్తుంటే నాకు ఆ జామచెట్టు గుర్తొస్తుంది.

తాళ్ళరేవులో మా ఇల్లు ఇంకా ఉంది. బర్మా టేకు దూలాలు. అమ్మ పోయాక ఎదురింటావిడ చూస్తోంది. పోయిన జనవరిలో వెళ్ళాను. ఇరవై నాలుగు రోజుల ప్రయాణం. హైదరాబాదు, విజయవాడ, రెండు పెళ్ళిళ్ళు, ఒక పరామర్శ. సొంతింట్లో పడుకున్నది మూడు రాత్రులు. తెల్లారి లేచి కాఫీపొడి డబ్బా కోసం అల్మైరాలన్నీ వెతుకుతుంటే ఆవిడ వచ్చి, "మీకెందుకమ్మా శ్రమ, కూర్చోండి" అంది. కూర్చున్నాను. చుట్టాలకి తీసే స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. ఆ డబ్బా ఏ గూట్లో ఉందో చూడకుండానే వచ్చేశాను.

మా తమ్ముడు ఇల్లు అమ్మేద్దామంటున్నాడు. వాడి మాటలో తప్పులేదు. ఏటా కప్పు బాగుచేయించాలి, చెదలు మందు కొట్టించాలి, మా పిల్లలకా తెలుగు చదవడమే రాదు. కాగితాలు పంపాడు. అవి వంటింటి సొరుగులో ఉన్నాయి, ఇంకా సంతకం పెట్టలేదు. జూన్ వస్తోంది. ఈసారి ఆరిళ్ళ తాళాలట. గుత్తిలో ఏడోది తాళ్ళరేవుది, పెద్దది, ఇత్తడిది. మిగతావాటితో కలిసిపోకుండా దానికి ఎర్ర దారం కట్టాను.