పాఠకుడికి పాఠకుడే బదులిచ్చిన రోజు

న్యూస్‌లెటర్ కింద పాఠకులు ఒకరి మాటకు ఒకరు బదులిచ్చుకునే చర్చ ఇంటర్నెట్‌తోనే పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాని వేళ్లు మూడు శతాబ్దాలు దాటి లండన్ కాఫీ హౌసుల దాకా పోతాయి. 1691లో జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి ‘ఎథీనియన్ మెర్క్యురీ’ పత్రిక మొదలుపెట్టి, పేరు చెప్పనక్కర్లేకుండా ఎవరైనా ఏ సందేహమైనా పంపవచ్చన్నాడు. మతం, పెళ్లి, ప్రకృతి వింతలు, అన్నిటి మీదా ప్రశ్నలు వచ్చాయి. జవాబులు రాసింది మాత్రం డంటన్, అతని కొద్దిమంది సహచరులే. 1713లో వ్యాసకర్త జోసెఫ్ అడిసన్ ‘గార్డియన్’ పత్రిక కోసం బటన్ కాఫీ హౌస్‌లో సింహం తల ఆకారంలో ఉత్తరాల పెట్టె పెట్టించాడు. రాసినవాళ్లు కాగితాన్ని సింహం నోట్లో వేసి పోయేవారు. రెండు చోట్లా పాఠకుడు సంపాదకుడితో మాట్లాడాడు, పక్క పాఠకుడితో కాదు. పత్రికకు ఆదరణ దొరికింది కానీ పాఠకుల మధ్య బంధం అల్లుకోలేదు.

ఆ బంధానికి దారి వేసింది 1849 నవంబరు 3న విలియం జాన్ థామ్స్ లండన్‌లో ప్రారంభించిన ‘నోట్స్ అండ్ క్వెరీస్’ అని నా అభిప్రాయం. మూడు పెన్నీల వారపత్రిక. పాత సామెత ఎక్కడిది, ఫలానా పద్యం ఎవరిది, ఏదో ఊళ్లో ఆచారానికి మూలమేమిటి అని పాఠకుడే అడుగుతాడు, తెలిసిన మరో పాఠకుడు తర్వాతి వారాల్లో చెబుతాడు. అందులోని జవాబుల పేజీ చూస్తే అసలు కిటుకు బోధపడుతుంది. జవాబు శీర్షిక పక్కనే బ్రాకెట్లలో సంపుటం సంఖ్య, పుట సంఖ్య ఉంటాయి. ఈ మాట ఏ ప్రశ్నకు బదులో ఆ అంకెలు చెబుతాయి. నెలల తర్వాత వచ్చిన మూడో మనిషి కూడా వెనక్కి తిప్పి మొత్తం చదివి, తన వంతు కలపగలడు. చర్చకు దారం ఎక్కించింది ఈ చిన్న అలవాటే. 1982 నాటి ఈమెయిల్ ప్రమాణంలోనూ ఉత్తరానికో గుర్తింపు సంకేతం, ఇది ఏ ఉత్తరానికి బదులో చెప్పే గడి ఉన్నాయి. పని అదే, పరికరం మారింది.

అమెరికాలో 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ స్థాపించిన ‘అమేజింగ్ స్టోరీస్’ ఇంకో అడుగు వేసింది. సైన్స్ ఫిక్షన్ కథల మీద వచ్చిన ఉత్తరాలను రాసినవాళ్ల చిరునామాలతో సహా అచ్చువేసింది. దాంతో పాఠకులు నేరుగా ఒకరికొకరు రాసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు, 1930లో ‘ది కామెట్’ అనే సొంత పత్రిక తెచ్చుకున్నారు. అప్పటికే, 1929లోనే, గెర్న్స్‌బ్యాక్ చేతి నుంచి పత్రిక జారిపోయింది. అయినా ఆ సమూహం చెదరలేదు. 1953 నుంచి ఇస్తున్న హ్యూగో అవార్డులకు ఆయన పేరు పెట్టింది ఆ అభిమానుల లోకమే. యజమాని పోయినా నిలిచినదాన్నే సమూహం అనాలి.

ఒక్కరే జవాబిచ్చే శీర్షికలు కూడా జనాన్ని కట్టిపడేశాయి కదా అనవచ్చు. నిజమే. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952 నుంచి దశాబ్దాల పాటు మాలతీ చందూర్ నడిపిన ‘ప్రమదావనం’ ఎన్ని ఇళ్లలో ఆప్తురాలి మాటగా చెల్లిందో తెలుగువారికి చెప్పనక్కర్లేదు. దాని విలువ తక్కువ కాదు, కానీ అది ఆమె మీద నమ్మకం. తెనాలిలో అడిగినామెకూ వరంగల్‌లో అడిగినామెకూ ఆ శీర్షికలో పరస్పరం మాట్లాడుకునే చోటు లేదు.

మరి తలుపులు బార్లా తెరిస్తే రచ్చ కాదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. థామ్స్ ఏనాడూ బార్లా తెరవలేదు. వచ్చినవాటిలో ఏది వేయాలో ఆయనే ఎంచాడు. చిరునామాలు అచ్చువేయడం ఈ రోజుల్లో ప్రమాదమే, అది అవసరమూ కాదు. ‘నోట్స్ అండ్ క్వెరీస్’లో ఎంతోమంది పొడి అక్షరాలతో, కలం పేర్లతో రాశారు. అదే సంతకం వారం వారం కనబడితే చాలు, మనిషి పరిచయమైపోతాడు. కాబట్టి న్యూస్‌లెటర్ నడిపేవారు ప్రతి వ్యాఖ్యకూ తామే బదులివ్వాలని ఆరాటపడనక్కర్లేదు. ఒక పాఠకుడి ప్రశ్నను పైకి తీసి తెలిసిన మరొకరి ముందు పెట్టడం, పాత చర్చకు లింకు ఇచ్చి కొత్తవారిని అందులోకి తేవడం, హద్దు మీరిన మాటను తొలగించడం వాళ్ల పని. థామ్స్ పత్రిక ఈనాటికీ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడుతోంది.