ఆయాసానికి మంచం మందు కాదు

దమ్మున్నోళ్లు కదలకుండా పడుకోవాలని మా స్టేషన్ ఘన్‌పూర్‌లో పెద్దలు ఇప్పటికీ అంటారు. ఆ మాటకు ఒక చరిత్ర ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో వైద్యమంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. 1912లో మొదలైన మదనపల్లె శానిటోరియం తెలుగునాట ఆ వైద్యానికే పేరుమోసింది. అది వెలసిన చోటు పేరు ఆరోగ్యవరం.

దాదాపు అదే కాలంలో ఇంగ్లాండులోని ఫ్రిమ్లీలో డాక్టర్ మార్కస్ పాటర్సన్ క్షయరోగులను ముందు నడిపించి, తర్వాత బుట్టలు మోయించి, ఆపైన పార పట్టించాడు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కించింది. మందులు వాడుతూ ఇంట్లో ఉన్నవాళ్లు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లలాగే కోలుకుంటారని 1959లో తేల్చింది. దీర్ఘకాలిక ఆయాసానికి వ్యాయామం మేలని అమెరికాలో డాక్టర్ ఆల్వన్ బరాక్ 1952లోనే చెప్పాడు. 1960లలో డెన్వర్‌లో డాక్టర్ థామస్ పెట్టీ దాన్నొక పద్ధతిగా నిలబెట్టాడు.

మా అమ్మదీ అలాంటి ఆయాసమే. ఆమె బీడీ ముట్టలేదు. కట్టెల పొయ్యి పొగే ఆమె ఊపిరితిత్తులను దెబ్బతీసింది. “ముక్కుతో పీల్చండమ్మా. ఊదుగొట్టం ఊదినట్టు పెదాలు చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలండి” అని ఫిజియోథెరపిస్టు చెప్పగానే ఆమెకు పట్టుబడింది. అలా వదిలితే సన్నని గాలిగొట్టాలు తొందరగా మూసుకుపోవు, లోపల చిక్కిన గాలి బయటికొస్తుంది. ఇప్పుడు వాకిట్లో ఆగుతూ ఆగుతూ నడుస్తోంది.

మీ ఇంట్లో ఆయాసపడేవాళ్లుంటే మంచానికి అప్పగించకండి. డాక్టరును అడిగి, పక్కన ఉండి నడిపించండి.