గెలిచిన గుర్రానికే బరువెక్కువ

మన కృష్ణా డెల్టా వారికి పందెమంటే ముందుగా గుర్తొచ్చేది ఎడ్లు. సంక్రాంతికీ తిరునాళ్ళకూ బండలాగుడు పెట్టేచోట ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేసి, ఈడైన జతలనే పోటీకి దింపుతారు. బెజవాడలో పుట్టి, ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు హైదరాబాదులో ఉన్న నాకు మలక్‌పేట గుర్రప్పందాలలోనూ ఇటువంటి పద్ధతే కనిపించింది.

నిజాం పాలనలో ఈ పందాలు మొదట మౌలాలీలో జరిగేవి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారాయి. నేటికీ వానాకాలంలోనూ చలికాలంలోనూ అక్కడే జరుగుతున్నాయి.

ఎవరి గుర్రం పడితే వారి గుర్రం అక్కడ పరుగెత్తదు. థరోబ్రెడ్ జాతి వంశావళి రిజిస్టరులో తల్లీ తండ్రీ నమోదై ఉండాలి. లైసెన్సు గల శిక్షకుని చేతికింద ఉండాలి. ఏ నెలలో పుట్టినా జనవరి 1న అన్ని గుర్రాలకూ ఒక ఏడు పెరుగుతుంది.

అసలు కిటుకు బరువులో ఉంది. ప్రతి గుర్రానికీ దాని ఫలితాలను బట్టి పాయింట్లు వేస్తారు. దగ్గరి పాయింట్లవాటిని ఒక తరగతిలో చేరుస్తారు. ఒక పాయింటుకు అరకిలో లెక్క. 60 పాయింట్ల గుర్రం 60 కిలోలు మోస్తే, అదే పందెంలో 50 పాయింట్లది 55 కిలోలే మోస్తుంది. జాకీ బరువు చాలకపోతే సీసపు బిళ్ళలు కలుపుతారు. పందేనికి ముందూ తరువాతా జాకీని జీనుతో సహా తూస్తారు. గెలిస్తే పాయింట్లు పెరుగుతాయి, ఓడుతూపోతే తగ్గుతాయి. బాగా పనిచేసే గుమాస్తా బల్లమీదకే మరో నాలుగు ఫైళ్ళు వచ్చినట్లన్నమాట!

మా సెక్షనులో ఒక మిత్రుడు ఫైలు కింద రేసు పుస్తకం పెట్టుకుని చదివేవాడు. “అన్నీ ఇందులోనే ఉన్నాయి గురూగారూ, లెక్క కుదరాలంతే” అనేవాడు. చివరకు ఒకటో తారీఖున ఆయన భార్య ఆఫీసు గుమ్మంలో నిలబడి జీతం అందుకుని వెళ్ళే పరిస్థితి వచ్చింది. ఆ తల్లి తలవంచుకుని నోట్లు లెక్కపెట్టుకోవడం నేనింకా మరువలేదు.

ఆయనకు అందని సంగతి ఒక్కటే. గుర్రాలన్నీ ఒక్కసారే గీత దాటాలన్నట్లుగా బరువులు నిర్ణయించడమే అక్కడి లెక్క. ఆ లెక్క ఎంత న్యాయంగా కుదిరితే, గెలుపును ఊహించడం అంత కష్టం. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించిన ఆటేనని మద్రాసు రేస్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. కాదనను. కాని సీసం కట్టి సమానం చేసేది గుర్రాలనే. పందెం కాసే గుమాస్తాకూ ధనవంతుడికీ మధ్య తేడాను సరిచేసే తూకం ఏ మైదానంలోనూ లేదు. పెన్షను మీద బతికే మనమూ, కొత్తగా జీతాలందుకుంటున్న మన పిల్లలూ ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు.