నిప్పు చుట్టూ మన్యం చరిత్ర



మన చరిత్ర అనగానే పితూరీలు, వీరుల పేర్లు గుర్తుకొస్తాయి. అవి తప్పక గుర్తుంచుకోవాలి. అయితే ప్రతి ఏటా డిసెంబరు, జనవరి నెలల చలిని మన పెద్దలు ఎలా దాటారన్నది కూడా చరిత్రే. దాన్ని ఎవరూ పాఠంగా చెప్పరు. అందుకే ఈ సంచికలో ఆ సంగతి రాస్తున్నాను.

సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాల్లో మబ్బు లేని రాత్రి నేలలోని వేడి ఆకాశంలోకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయల్లోకి దిగి, అక్కడే నిలిచిపోతుంది. పొద్దున కనిపించే పొగమంచు అందువల్లే.

ఇల్లే దుప్పటి

ఈ చలికి మన పెద్దలు కనిపెట్టిన జవాబు పాత మట్టి ఇల్లు. మందమైన మట్టిగోడ పగటి ఎండను, పొయ్యి వేడిని దాచుకుని రాత్రంతా కొంచెం కొంచెంగా వదులుతుంది. పైన కప్పిన గడ్డిలో గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి లోపలి వేడి త్వరగా బయటికి పోదు. చూరు కిందికి వాలి ఉండడం, గుమ్మం చిన్నగా ఉండడం, కిటికీలు లేకపోవడం పేదరికం వల్ల మాత్రమే కాదు. చలిగాలికి దారి ఇవ్వకూడదన్న ఆలోచన కూడా అందులో ఉంది.

ఆ ఇంటికి నడుమ మూడు రాళ్ల పొయ్యి. దాని మీదే చోడి అంబలి కాగేది. దాని చుట్టూనే పిల్లలు, ముసలివాళ్లు పడుకునేవారు. పొగ పైకి లేచి, అటక మీది విత్తనాలకు, కప్పులోని వెదుళ్లకు పురుగు పట్టకుండా కాపాడి, గడ్డి సందుల్లోంచి మెల్లగా బయటికి పోయేది. ఆ ఇల్లు, ఆ నిప్పు ఒకదానికొకటి సరిపడేలా కట్టుకున్నవి.

బట్ట సంగతి కూడా చెప్పాలి. గదబ స్త్రీలు కెరంగ్ అనే మొక్క నారతో తామే బట్ట నేసుకునేవారు. 1909లో వచ్చిన థర్‌స్టన్ గ్రంథంలో ఆ నేత ప్రస్తావన ఉంది.

పుల్లకూ చట్టం వచ్చింది

చలిమంటకు పుల్ల కావాలి, కప్పుకు గడ్డి, వెదురు కావాలి. ఇవన్నీ అడవి ఇచ్చేవే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవుల్లో పోడు మీద, అటవీ వస్తువుల సేకరణ మీద ఆంక్షలు పెరిగాయి. నిన్నటి దాకా హక్కుగా తెచ్చుకున్నది నేరమైంది. దానికి తోడు, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనిలో మనవాళ్ల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. ఈ కడుపుమంటే 1922 పితూరీకి ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. ఈ రోజు మంచు చూడడానికి వచ్చేవారి కార్లు ఎక్కే దారి వెనుక మన ముత్తాతల చెమట ఉంది. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పండి.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును, పొదల పుల్లలను కూడా చిన్నతరహా అటవీ ఉత్పత్తులుగా గుర్తించి, సంప్రదాయంగా సేకరించుకునేవారికి వాటిపై యాజమాన్య హక్కు ఇచ్చింది. కలప అందులోకి రాదు. ఈ తేడా తెలుసుకుని గ్రామసభలో మాట్లాడండి.

ఇల్లు మారింది, నిప్పు మారలేదు

ఇప్పుడు మన ఊళ్లలో రేకుల ఇళ్లు, స్లాబు ఇళ్లు వచ్చాయి. వానకు కారవు, ఏటా గడ్డి కప్పే పని లేదు. మంచిదే. కానీ రేకు చలిని ఆపదు. తెల్లవారుజామున దాని అడుగు నుంచి నీటిచుక్కలు రాలడం మీకు తెలుసు. అందుకే చాలామంది బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుని, తలుపులు, కిటికీలు బిగించి పడుకుంటున్నారు. ప్రాణం పోయేది ఇక్కడే.

గడ్డికప్పు ఊపిరి పీల్చేది. స్లాబు పీల్చదు. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వాయువు చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించకపోయినా అది ఉంటుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ గుర్తులు కూడా తెలియవు. పాత ఇల్లు కూడా పూర్తిగా క్షేమమని నేను అనను. ఆ పొగ మన అమ్మమ్మల కళ్లను, ఊపిరితిత్తులను ఎంతో బాధపెట్టింది.

కాబట్టి మంట వాకిట్లో వేసుకోండి. కుంపటిని పడకగదిలోకి తేవద్దు. రేకు కింద కొంత ఎడం ఉంచి వెదురు తడక కట్టండి, మధ్యలో నిలిచే గాలి గడ్డికప్పు చేసిన పనిలో కొంత చేస్తుంది. పొయ్యి మంట తగలకుండా చూసుకోండి. చాప కింద ఎండుగడ్డి పరచండి. ఎవరికైనా కళ్లు తిరిగితే వెంటనే ఆరుబయటకి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

పెద్దల నుంచి మనం నేర్చుకోవలసింది కుంపటి ఒక్కటే కాదు. తాము ఉన్న ఇంటిని బట్టి నిప్పును వాడుకున్న వాళ్ల తెలివిని నేర్చుకోవాలి. ఈ సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో తాతని, అవ్వని కూర్చోబెట్టి, వాళ్ల చిన్నప్పటి ఇల్లు ఎలా ఉండేదో, పొయ్యి ఎక్కడ ఉండేదో, ఎవరు ఎటు పడుకునేవారో అడిగి మీ నోటుపుస్తకంలో బొమ్మ వేసుకోండి. చెప్పేవాళ్లు ఉండగానే రాసుకోవాలి.